అనురాధపురంలో బాకీ

31 ఏళ్లు తెలుగు పాఠం చెప్పి బతికాను. పరాయి దేశంలో, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఒకావిడ నా ముఖంలోకి చూసి "తెలుగా?" అని అడిగింది. కాదన్నట్టు తలూపాను.

జరిగింది ఇంతే. ఇంత చిన్న సంగతి కాగితం మీద పెట్టడానికి నాకు ఆరేళ్లు పట్టింది. శ్రీలంక యాత్ర గురించి మా ఊళ్లో రెండు సభల్లో మాట్లాడాను. స్తూపాల ఫొటోలు తెర మీద వేసి చూపించాను. పెద్దలు మెచ్చుకున్నారు, శాలువా కప్పారు. ఆ ఫొటోల్లో ఈ మధ్యాహ్నం లేదు. దాని సంగతి చెప్పకుండా మిగతా యాత్ర గురించి ఎంత మాట్లాడినా అది అబద్ధంలాగే నా గొంతులో అడ్డుపడుతోంది. అందుకే రాస్తున్నాను.

పాత రాళ్ల మీద నా ప్రేమ నిన్న మొన్నటిది కాదు. మా ఊరు అమరావతికి దగ్గర. శివరాత్రి తిరునాళ్లకు అమరేశ్వరుడి దర్శనం అయ్యాక మా నాన్న నన్ను దీపాలదిన్నె దగ్గరికి నడిపించుకెళ్లేవాడు. మహాస్తూపం ఉండిన చోటును మావైపు అలాగే అంటారు. అక్కడ మిగిలింది కొంచెమే. చెక్కిన పలకలు చాలావరకు మద్రాసు మ్యూజియానికి, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియానికి చేరిపోయాయని నాన్న చెబుతుంటే, మా ఇంటి సామాను ఎవరో బండికెత్తుకుని పోయినట్టు ఉక్రోషం వచ్చేది.

పెద్దయ్యాక ఆ ఉక్రోషమే నా పాఠమైంది. ఏటా కొత్త తరగతిలో మొదటి రోజు నల్లబల్ల మీద ఒకే ఒక్క మాట రాసేవాణ్ని: నాగబు. అమరావతి రాతి మీద వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తుపట్టిన మాట. మనకు దొరికిన తొలి తెలుగు మాటగా దాన్ని చెప్పుకుంటాం. ఆ తర్వాత కడప జిల్లా కలమళ్ల శాసనం దగ్గరికి వచ్చేవాణ్ని. క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళుల నాడు మన భాష రాతి మీద వాక్యమై నిలబడింది అని చెబుతుంటే నా గొంతు వణికేది. పిల్లలు కూడా కదలకుండా వినేవాళ్లు. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చిన రోజున కాలేజీలో నా డబ్బుతో మిఠాయిలు పంచాను. అదంతా నటన కాదు. ఇప్పటికీ ఆ ప్రేమను నేను శంకించను. అది ఎవరిదాకా వెళ్లి ఎక్కడ ఆగిపోయిందన్నదే నా బాధ.

శ్రీలంక వెళ్లాలన్న కోరిక నాగార్జునకొండలో పుట్టింది. సాగర్ నుంచి లాంచీ ఎక్కి ఆ కొండకు నేను కనీసం పదిసార్లు వెళ్లి ఉంటాను. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ రాజ్యసంవత్సరంలో, అంటే క్రీ.శ. 3వ శతాబ్దంలో, బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం ఒకటి అక్కడ దొరికింది. తామ్రపర్ణి నుంచి, అంటే సింహళం నుంచి వచ్చిన థేరవాద ఆచార్యుల కోసం ఆమె చిన్న ధర్మగిరి మీద చైత్యగృహం కట్టించింది. సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి కట్టించింది. కృష్ణ ఒడ్డున సింహళ భిక్షువులకు ఒక విహారం, అందులో ఒక బోధిచెట్టు, దానికి మన నేల మీద బతికిన ఒక ఆడమనిషి కట్టించిన నీడ! ఆ శాసనపాఠం చదివినప్పుడల్లా ఆవిడ నాకు మేనత్త వరసేమో అన్నంత ఆప్యాయంగా అనిపించేది. ఆ భిక్షువులు బయలుదేరి వచ్చిన చోటు చూడాలి, మన అమరావతి శిల్పం సముద్రం దాటి అక్కడ ఏ రూపంలో నిలిచిందో కళ్లారా చూడాలి అనుకున్నాను. రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత పక్కన పెట్టి, మా ఆవిడతో కలిసి ఎనిమిది రోజుల యాత్రకు బయలుదేరాను.

కొలంబోలో దిగిన మర్నాడు పొద్దున హోటల్లో టిఫిను తింటుంటే పక్క బల్ల నుంచి ఒక పిల్లవాడి గొంతు వినబడింది. "అమ్మా, చట్నీ లేదంట." నా చేతిలో చెంచా ఆగిపోయింది. లేచి వెళ్లి "మీదేవూరండీ?" అని పలకరించాను. వాళ్లు తెనాలివాళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగాలు. అరగంట కబుర్లు చెప్పుకున్నాం. వాళ్ల పెదనాన్న మా కాలేజీలోనే చదివాడని తేలింది. ఫోన్ నంబర్లు తీసుకున్నాం. గదికి వస్తూ మా ఆవిడతో అన్నాను: "పరాయి గడ్డ మీద తెలుగు మాట చెవిన పడితే ప్రాణం లేచొస్తుంది, చూశావా?" ఆవిడ అవునంది. ఆ మాట నేను మనస్ఫూర్తిగానే అన్నాను. మూడు రోజుల తర్వాత నేను చేసిన పనిని ఆ మాట పక్కనే పెట్టి చూడాలి కనక ఇది చెబుతున్నాను.

అనురాధపురం వెయ్యేళ్లకు పైగా రాజధానిగా బతికిన ఊరు. 1982లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. శిథిల నగరం అని చదివి వెళ్లాను గానీ అక్కడ శిథిలాల మధ్య మనుషులు నిండుగా ఉన్నారు. తెల్లబట్టలు కట్టుకున్న కుటుంబాలు తామరపూలు పట్టుకుని, చెప్పులు విడిచి, కాలే ఇసుక మీద నడుస్తున్నాయి. శ్రీ మహాబోధి చుట్టూ ముసలమ్మలు నేల మీద కూర్చుని పెదవులు కదుపుతున్నారు. అశోకుడి కూతురు సంఘమిత్ర బుద్ధగయ బోధివృక్షపు కొమ్మను ఓడలో తెస్తే, దేవానాంపియ తిస్స రాజు ఆ కొమ్మను ఇక్కడ నాటించాడని వాళ్ల చరిత్ర గ్రంథం మహావంశం చెబుతుంది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో నాటిన చెట్టు. మనిషి చేత్తో నాటినట్టు కాలం తెలిసిన చెట్లలో ఇంత పాతది లోకంలో మరొకటి లేదంటారు. దాని కొమ్మలు వాలిపోకుండా బంగారు పూత వేసిన ఊతకర్రలు పెట్టారు. చుట్టూ బంగారు రంగు కంచె. ఒక ఆకు రాలి నేల మీద పడితే ఒకాయన దాన్ని రెండు చేతులతో ఎత్తి కళ్లకద్దుకుని జేబులో దాచుకున్నాడు.

జేతవనారామం ముందు మెడ పూర్తిగా వెనక్కి వాల్చి నిలబడ్డాను. 3వ శతాబ్దం చివర మహాసేనుడు మొదలుపెట్టిన ఇటుకల స్తూపం. పూర్తయిన నాడు దాని ఎత్తు 122 మీటర్లు. ఆనాటి లోకంలో ఈజిప్టు పెద్ద పిరమిడ్లు రెండు తప్ప దీన్ని మించిన కట్టడం లేదు. నా చూపంతా స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వహల్కడల మీదే ఉంది. మన అమరావతిలో, నాగార్జునకొండలో స్తూపాల నాలుగు దిక్కులా ఉన్న ఆయక వేదికలకు ఇవి చుట్టాలని పండితులు ఎప్పటినుంచో పోలుస్తున్నారు. విహారాల మెట్ల ముందు కనబడిన అర్ధచంద్రశిలలు కూడా నాకు కొత్తవి కావు. నాగార్జునకొండలోనూ ఉన్నాయి. నోటుబుక్కు తీసి బొమ్మలు గీసుకున్నాను. ఇది మనది, ఇది మన దగ్గర్నుంచి వచ్చింది, ఇది మనవాళ్ల పోలిక అని గీతల పక్కన రాసుకున్నాను. ఆ పూట ఎన్నిసార్లు 'మన' అని రాశానో, తర్వాత ఆ పేజీలు తిరగేస్తే కళ్లెత్తలేకపోయాను.

బయటికి వచ్చేసరికి పన్నెండు దాటింది. మా ఆవిడ రోడ్డు పక్కన బండి దగ్గరికి తంబిలి కొట్టించడానికి వెళ్లింది. పచ్చనారింజ రంగులో ఉండే ఆ దేశపు కొబ్బరిబోండాన్ని వాళ్లు అలా పిలుస్తారు. నేను చెట్టు నీడలో నిలబడి సగం గీసిన బొమ్మ పూర్తి చేస్తున్నాను. మా కారు డ్రైవరు, సింహళ కుర్రాడు, రెండడుగుల దూరంలో ఉన్నాడు.

యాభై ఏళ్లుంటాయేమో, ఒకావిడ వచ్చి నా ముందు నిలబడింది. వెలిసిన చీర, మెడలో పూసలు, వెంట ఆరేడేళ్ల ఆడపిల్ల. కాస్త ఎడంగా ఒక మగమనిషి బుట్టలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు, పక్కన కోతి. ఆవిడ నా అరచేతి వైపు వేలు చూపించింది. చెయ్యి చూస్తానని. నేను చెయ్యి జేబులో పెట్టుకున్నాను. ఆవిడ పట్టుబట్టలేదు. పక్కకు తిరిగి పిల్లతో అంది:

"నీల్లు తాగు. ఎండ."

పిల్ల ఏదో గొణిగింది. ఆవిడ నవ్వింది. నా ఒళ్లు ఝల్లుమంది. 'ళ' మెత్తబడి 'ల' అయింది, యాస ఎక్కడా విననిది, అయినా గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు. మా ఇంట్లో మా అమ్మ నాతో అన్న మాటే అది. నా ముఖంలో మార్పు ఆవిడ కనిపెట్టినట్టుంది. బండి దగ్గరున్న మా ఆవిడ బొట్టు వైపు, చీరకట్టు వైపు ఒకసారి చూసి, మళ్లీ నన్ను చూసింది. ఆ కళ్లలో ఒక చిన్న వెలుగు.

"తెలుగా?"

ఆ క్షణంలో నా లోపల ఏం నడిచిందో నిజాయితీగా తవ్వుకోవాలి. డ్రైవరు చూస్తున్నాడన్నది మొదట తోచింది. ఈ మూడు రోజులూ అతనికి నా దేశపు గొప్ప గురించి చెబుతూ వచ్చాను. వీళ్లూ నేనూ ఒకటే అని అతను అనుకుంటాడు. ఆ వెంటనే, అవునంటే ఇక వదలదు, డబ్బులడుగుతుంది, నలుగురూ మూగుతారు అని తోచింది. వీటన్నిటి అడుగున మాటల్లేని ఒక వెనకడుగు ఉంది. తల అడ్డంగా ఊగింది. 'కాదు' అనే మాట కూడా తెలుగే కనక నోరు పెగల్లేదు.

ఆవిడ సరే అన్నట్టు తల పంకించి పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. ముఖంలో కోపం లేదు, నొచ్చుకున్న జాడా లేదు. అలాంటి తలూపుళ్లు ఎన్ని చూస్తే మనిషికి ఆ నిమ్మళం వస్తుందో అన్న ఆలోచన నాకప్పుడు రాలేదు.

డ్రైవరు అన్నాడు: "అహికుంటికవాళ్లు సర్. పాములాడిస్తారు. ఇండియా నుంచి వచ్చినవాళ్లంటారు. ఆవిడ మాట మీకేమైనా తెలిసిందా?"

"లేదు" అన్నాను.

మా ఆవిడ బోండాలతో వచ్చి అడిగింది: "ఏమంటోందండీ ఆవిడ?"

"చెయ్యి చూస్తానంది. భాష అర్థం కాలేదు."

చిటికెలో మూడుసార్లు కాదన్నాను.

మర్నాడు సిగిరియా ఎక్కాం. ఆ కొండ సగం ఎత్తులో అద్దంలా నున్నగా మెరిసే గోడ ఒకటుంది. 8వ శతాబ్దం నుంచి 10వ శతాబ్దం దాకా కొండెక్కినవాళ్లు, పైనున్న స్త్రీల బొమ్మలు చూసి మనసాగక ఆ గోడ మీద గీసిన పద్యాలు ఇంకా ఉన్నాయి. పరణవితాన అనే పండితుడు కళ్లు చిట్లించుకుని వాటిని చదివి, 685 పద్యాలను 1956లో అచ్చువేశాడు. భిక్షువులు, ఉద్యోగులు, ఆడవాళ్లు, దారిన పోయే మామూలు మనుషులు రాసినవి. వెళ్లేముందు ఈ గోడ కోసమే ఎక్కువ తహతహలాడాను. తీరా దాని ముందు నిలబడితే సంతోషం రాలేదు. వెయ్యేళ్ల క్రితం దారినపోయిన ఒకడు ఏమన్నాడో తెలుసుకోవడానికి ఒక పండితుడు ఏళ్ల తరబడి కళ్లు ధారపోశాడు. నిన్న దారిలో ఎదురుపడి అడిగిన మనిషికి నేనేం చేశాను?

మా ఆఖరి మజిలీ కాండీ. సాయంత్రం చెరువు గట్టు మీద కూర్చున్నాం. ఎదురుగా బుద్ధుడి దంతధాతువు ఆలయం, దాని అష్టకోణ మండపం. ఆ చెరువును, ఆ మండపాన్ని కట్టించింది కాండీ చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు. 1739లో మొదలైన నాయక్కరు వంశంలో ఆయన నాలుగోవాడు, ఆఖరివాడు. 1815లో ఇంగ్లీషువాళ్లు ఆయన్ని దించి వేలూరు కోటకు పంపారు. 1832లో అక్కడే పోయాడు. మదురై నాయకుల చుట్టరికం ఉన్న ఆ వంశానికి తెలుగు మూలాలున్నాయి. ఇదంతా మా ఆవిడకు చెబుతూ, ఎప్పటిలాగే గొంతు పెంచి, "ఈ దేశాన్నేలిన ఆఖరి రాజులు మనవాళ్లు, తెలుసా?" అన్నాను.

ఆవిడ చాలాసేపు నీళ్లవైపు చూసింది. తర్వాత మెల్లగా అంది: "ఆ రోజు ఆవిడ అడిగింది నాకూ వినబడిందండీ."

నాకు మాట రాలేదు.

"మీరు అర్థం కాలేదన్నారు. నేను గమ్మునున్నాను. మీరు చెప్పకపోతే నేనైనా పిలిచి మాట్లాడాల్సింది. బోండాం ఒకటి ఆ పిల్ల చేతిలో పెట్టాల్సింది. నాకెందుకో కాలు కదల్లేదు."

నిందించి ఉంటే సర్దిచెప్పుకునేవాణ్ని. ఆవిడ తన వాటా తను తీసుకుంది. దాంతో నా వాటా నాకు పూర్తిగా కనబడింది. దాదాపు 200 ఏళ్ల క్రితం పోయిన రాజుకు ఒక్క క్షణంలో బంధువునైపోయాను. నా ఎదుట నిలబడి మాటతో చెయ్యి చాచిన మనిషికి కాలేకపోయాను.

ఇంటికొచ్చాక వాళ్ల గురించి చదివాను. అహికుంటికులు తరతరాలుగా ఆ ద్వీపంలో సంచారం చేస్తూ బతికినవాళ్లు. మగవాళ్లు పాములు, కోతులు ఆడించడం, ఆడవాళ్లు చెయ్యి చూసి జోస్యం చెప్పడం, గాడిదల మీద సామానేసుకుని ఊరూరూ తిరుగుతూ గుడారాల్లో ఉండటం వాళ్ల పాత జీవనం. ఇప్పుడు చాలామంది స్థిరపడ్డారు. అనురాధపురం జిల్లాలోనే తంబుత్తెగమ దగ్గర కుడాగమ అనే ఊరుంది. తూర్పున అంపార జిల్లాలో అలిగంబె ఉంది. ఒక చోట పిల్లలు సింహళంలో చదువుకుంటారు, ఇంకొక చోట తమిళంలో. ఇంట్లో మాత్రం తెలుగు. ఆ తెలుగుకు బడి లేదు, పుస్తకం లేదు, వాళ్లు దాన్ని రాసుకునే లిపి లేదు. తల్లి నోటి నుంచి బిడ్డ చెవికి, అంతే. 'నీల్లు తాగు' అని ఆవిడ ఆ పిల్లతో అన్నప్పుడు నా కళ్ల ముందు జరిగింది అదే. తెలుగు ఒక తరం నుంచి ఇంకో తరానికి దాటుతుంటే చూశాను. రాతి మీద ఒంటరిగా మిగిలిన ఒక్క మాటకు 31 ఏళ్లు హారతి పట్టినవాణ్ని, ప్రాణమున్న వాక్యం నా ముందుకొచ్చి నిలబడితే తల తిప్పుకున్నాను.

ఎందుకలా చేశానని వెనక్కి నడుస్తూ పోతే మా ఇంటి వాకిలి దగ్గర ఆగాను. సంక్రాంతికి పాములవాళ్లు బుర్ర ఊదుకుంటూ వచ్చేవాళ్లు. మా నాయనమ్మ ధారాళంగా పెట్టే మనిషి. చేట నిండా బియ్యం తెచ్చేది. కానీ ఆ బియ్యాన్ని జోలెలోకి ఎత్తునుంచి పోసేది, తన చెయ్యి వాళ్ల జోలెకు తగలకుండా. కొన్ని గింజలు నేల మీద చెదిరేవి. వాళ్లు వంగి ఏరుకునేవాళ్లు. నేను అరుగు మీద కూర్చుని పాము కోసం చూసేవాణ్ని. ఆ ఎత్తును చూసి కూడా చూడనట్టే పెరిగాను. అనురాధపురంలో నా చెయ్యి జేబులోకి పోయింది ఆ ఎత్తునుంచే. డ్రైవరు, డబ్బు, ఎండ అన్నీ సాకులు.

తరగతిలో మాత్రం ఇలాంటివాళ్లను ఎంత ముద్దుగా చెప్పేవాణ్నో! యక్షగానాల్లో ఎరుకలసాని సోదె చెప్పే ఘట్టం వస్తే గొంతు మార్చి చదివేవాణ్ని. ఏడుకొండలవాడే ఎరుకలసాని వేషం కట్టి ఆకాశరాజు ఇంటికి వెళ్లి పద్మావతి చెయ్యి పట్టి చూశాడన్న కథ చెప్పి, మన సంస్కృతి ఇంత విశాలమైనదని పిల్లల చేత ముగింపు వాక్యం రాయించేవాణ్ని. పుస్తకంలో ఆవిడకు నా చెయ్యి ఇచ్చాను. ఎండలో ఇవ్వలేకపోయాను.

అప్పుడు నా యాత్రలన్నీ మళ్లీ గుర్తుచేసుకుని చూశాను. దేశదేశాల ప్రాచీన స్థలాలకు మనం ఎందుకు వెళ్తాం? నా వరకు నేను చెప్పగలను. వారసత్వం అనే పేరు పెట్టుకుని నేను గొప్ప పుట్టుకను వెతుక్కున్నాను. రాజులు, స్తూపాలు, దాతలు, శాసనాలు కనబడితే 'మన' అన్నాను. అదే నేల నుంచి, అదే భాషను మూటగట్టుకుని, సముద్రం దాటి, ఏ రాజు ఆదరణా లేకుండా బతికివచ్చిన మనుషులు కనబడితే ఆ 'మన' నా నాలుక మీదే చచ్చిపోయింది. వంశవృక్షంలో నచ్చిన కొమ్మలే గీసుకునేవాడికి వారసత్వం గురించి మాట్లాడే అర్హత ఎక్కడిది?

ఇలా కుమిలిపోతుండగానే గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొచ్చారు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి, వ్యావహారిక భాషోద్యమం గురించి ప్రసంగించాను. ఆయన జీవితంలో రెండు పనులను ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ శ్రీముఖలింగం గుడిలో శాసనాలు చదివి, అదే ఒకప్పటి కళింగ నగరమని చెప్పింది ఆయనే. ఆ చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని పట్టుబట్టి, వ్యాకరణం, నిఘంటువు కూర్చిందీ ఆయనే. ఆ కొండల్లో తిరుగుతూ జ్వరాల బారినపడి, క్వినైను వాడి వాడి వినికిడి పోగొట్టుకున్నారు. రాతినీ చదివారు, మనిషినీ విన్నారు. మనుషుల మాట వినడానికి వెళ్లి చెవులు పోగొట్టుకున్న మనిషి పటం కింద నిలబడి నేను ఇన్నేళ్లు ఉపన్యాసాలిచ్చాను. చెవులు బాగానే ఉండి, వినబడి, అర్థమై, అర్థం కాలేదని చెప్పినవాణ్ని.

శ్రీ మహాబోధి కూడా ఇప్పుడు నాకు వేరేగా కనిపిస్తుంది. గయలో తల్లిచెట్టు పోయి, మళ్లీ మొలిచి, ఇప్పుడున్నది దాని వారస వృక్షమంటారు. సముద్రం దాటి వెళ్లిన కొమ్మ మాత్రం 2,200 ఏళ్లకు పైగా అక్కడ చిగురిస్తూనే ఉంది. రోజూ నీళ్లుపోసే చేతులున్నాయి కనక ఉంది. ఆ కొమ్మకు బంగారు ఊతకర్రలు చూసి చేతులు జోడించాను. ఆ ఊరి పొలిమేరల్లోనే మన భాష కొమ్మ ఒకటి నీళ్లుపోసేవాళ్లు లేకుండా, ఊత లేకుండా, చెట్టు కింద ఎండలో నిలబడి ఉంది. అది నన్ను ఒక్క మాట అడిగింది. జవాబు తప్ప ఇంకేమీ అడగలేదు.

పోయిన ఏడాది ఆగస్టు 29న ఒక ఊరి హైస్కూల్లో మాట్లాడమని పిలిచారు. 'నాగబు' దగ్గర మొదలుపెట్టాను, ఎప్పటిలాగే. బోధిసిరి దాకా వచ్చాను. అక్కడ ఇక ముందుకు పోలేకపోయాను. పిల్లల ముందు జరిగిందంతా చెప్పాను. వాళ్ల ఉపాధ్యాయులు ఇబ్బందిగా కదిలారు. పిల్లలు కదలకుండా విన్నారు. అయిపోయాక తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి అడిగింది:

"ఆవిడ పేరేంటి సార్?"

1,700 ఏళ్ల కిందట కృష్ణ ఒడ్డున గుడి కట్టించిన ఆడమనిషి పేరు నాకు తెలుసు. ఏ రాజు ఏలుబడిలో, ఏ ఏట కట్టించిందో తడుముకోకుండా చెప్పగలను. నా చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడి, నా భాషలో నన్ను పలకరించిన మనిషి పేరు తెలియదు.

"అడగలేదమ్మా" అన్నాను. ఆ పిల్ల కూర్చోలేదు. ఇంకా ఏమైనా చెబుతానేమో అని చూసింది. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

పెద్ద మార్పేదో వచ్చిందని చెప్పుకోను. ఒక్కటి చేస్తున్నాను. మా వీధిలోకి సోదెమ్మ వచ్చినా, గంగిరెద్దులవాళ్లు వచ్చినా, బుడబుక్కలాయన వచ్చినా గేటు దగ్గరికి వెళ్లి, కూర్చోబెట్టి, పేరూ ఊరూ అడుగుతున్నాను. వాళ్ల మాటల్లో నాకు తెలియనివి దొరికితే నోటుబుక్కులో రాసుకుంటున్నాను. స్తూపాల బొమ్మలు గీసుకున్న నోటుబుక్కే అది. ఇవ్వగలిగింది చేతిలో పెడుతున్నాను, చెయ్యి తగిలేలా. ఇదేమీ ప్రాయశ్చిత్తం కాదు. అక్కడి బాకీ ఇక్కడ తీరదు.

ప్రాచీన స్థలాలకు వెళ్లడం మానను. అనురాధపురం మళ్లీ వెళ్లాలని ఉంది. ఒంట్లో ఓపికుంటే కుడాగమ దాకా కూడా వెళ్తాం, ఇద్దరం. ఆవిడ కనబడకపోవచ్చు. కనబడినా గుర్తుపట్టకపోవచ్చు. అయినా పరాయి గడ్డ మీద తెలుగువాడు తెలుగువాడికి మొట్టమొదట ఇవ్వాల్సిన జవాబు, ఆ వెంటనే అడగాల్సిన ప్రశ్న, రెండూ నా దగ్గర బాకీ ఉన్నాయి. ఆరేళ్లుగా అవి నా నోట్లోనే ఉన్నాయి.

అవునమ్మా, తెలుగే. మాది అమరావతి దగ్గర. మీదేవూరు?